ఊరు దొరికితే పేరు దొరుకుతుంది

పాస్టరుగారు బీరువా తాళం తీసి, పాత పంచె గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని బల్లమీద పెట్టారు. "మెల్లగా తిప్పండి, అంచులు రాలిపోతాయి" అన్నారు. తోలు అట్ట వెన్ను దగ్గర విడిపోయి ఉంది. నల్ల సిరా గోధుమరంగుకు తిరిగింది. ఒక పేజీలో మొదలైన చెదల దారి పదకొండు పేజీల లోతుకు సన్నటి పిల్లకాలవలా పోయింది. గళ్ళ మీద శీర్షికలు జర్మన్‌లో ఉన్నాయి. వరుస సంఖ్య, తేదీ, కొత్త పేరు, పాత పేరు, వయసు, ఊరు, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. 1891 పేజీలో పైనుంచి ఐదో వరుస మా ముత్తాతది. వయసు గడిలో "సుమారు 30" అని ఉంది. పాత పేరు గడిలో ఉన్నది కొండమీది స్వామి పేరు.

ఆ గది కిటికీలోంచి తలెత్తితే ఏడుకొండలు కనబడతాయి. నేను పుట్టిననాటినుంచీ చూస్తున్న కొండలే. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకగా నేను వినలేదు. తల్లిదండ్రులు మొక్కుకుని పెట్టుకున్న పేరై ఉంటుంది. బాప్తిస్మం రోజున అది మారింది. మారిన సంగతిని రాసినవాళ్ళు జాగ్రత్తగా రాసిపెట్టారు, మోసుకురావలసిన మేమే మరచిపోయాం.

ఆ ఐదో వరుస దగ్గరికి చేరడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అందులో రెండున్నరేళ్ళు వృథా. ఎందుకు వృథా అయ్యాయో చెబితే, మీ వంశ మూలాలు వెతికే పనిలో మీకు ఆ రెండున్నరేళ్ళూ మిగులుతాయి. ఈ అధ్యాయం ఉద్దేశం అదే.

నేను చేసిన తప్పు పేరు పట్టుకుని వెతకడం. మా ఇంటిపేరుతో ఎక్కడెక్కడ క్రైస్తవ కుటుంబాలున్నాయో కనుక్కుంటూ తిరిగాను. "మనం నెల్లూరోళ్ళం" అని మా నాయన అనేవాడు కాబట్టి నెల్లూరులో మొదలుపెట్టాను. అక్కడ అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి ఉన్నారు. మా ఇంటిపేరువాళ్ళు కూడా కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళెవరికీ మాకూ చుట్టరికం లేదు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన వంశం ఒకటి కాదు. క్రైస్తవ పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. దేవదాసు, యేసుపాదం, జ్ఞానప్రకాశం, శాంతమ్మ, మరియమ్మ అనే పేర్లు ప్రతి సంఘంలో, ప్రతి తరంలో ఉంటాయి. ఒకే పుస్తకంలో, ఒకే ఏడాదిలో నలుగురు దేవదాసుల్ని చూశాను. పేరు జారిపోతుంది. ఊరు జారదు. ఫలానా ఊరి ఫలానా వీధి నుంచి వచ్చిన దేవదాసు మాత్రం ఒక్కడే ఉంటాడు.

కాబట్టి ముందు ఊరు. అది తెలిసినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు, కాకపోతే తెలుసన్న సంగతి వాళ్ళకి తెలియదు. "మన పూర్వీకులు ఎవరు పెద్దమ్మా?" అని అడిగితే మా పెద్దమ్మ "నాకేం తెలుసబ్బా, అన్నీ మీ తాతకే తెలుసు" అని చేతులు దులుపుకుంది. ఆరు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నప్పుడు వేరేలా అడిగాను. చిన్నప్పుడు కోత పండుగకి ఏం తీసుకెళ్ళేవాళ్ళు అని.

"గుమ్మడికాయ. మీ ముత్తవ్వ మీ ముత్తాతోళ్ళ ఊర్నించి మోసుకొచ్చేది. ఏరు దాటి, రెండు ఆమడ నడిసి."

"ఏ ఏరు?"

"సొర్నముఖి గాక ఇంకే ఏరు? సెరువు కట్టమీద పాత గుడి ఉంటాదే, ఆ ఊరు."

"నెల్లూరు కాదా మనది?"

"నెల్లూరు జిల్లాలో మీ ముత్తాత కొలువు జేసినాడు. నాయుడుపేట మిషన్ బంగళాలో. ఆడ్నించే ఉపదేశిగా ఈడికి పంపించినారు."

రెండున్నరేళ్ళ నా తిరుగుడుకి ఆ నాలుగు మాటలతో తెరపడింది. మావాళ్ళు నెల్లూరువాళ్ళు కారు, నెల్లూరు జిల్లాలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు. పెద్దవాళ్ళని అడిగేటప్పుడు వంశం గురించి అడక్కండి, పనుల గురించి అడగండి. పండక్కి ఎవరింటికి పోయేవాళ్ళు, ఎవరు చచ్చిపోతే అందరూ బండి కట్టుకుని పోయారు, బోర్డింగులో ఎవరు చేర్చారు, చిన్నప్పుడు కొట్టిన అయ్యవారు ఎవరు. జవాబులో ఒక ఏరో, చెరువో, రైలు స్టేషనో తప్పకుండా దొర్లుతుంది. దాన్ని వాళ్ళు పలికినట్టే రాసుకోండి, సరిదిద్దకండి. ఫోనులో రికార్డు చేస్తే ముందు అనుమతి అడగండి. ఒక్కరోజులో అంతా రాబట్టాలని కూర్చోవద్దు. మా పెద్దమ్మకి గుమ్మడికాయ గుర్తొచ్చిన వారానికి పొలిమేర రాయి గుర్తొచ్చింది.

ఊరు తెలిశాక రెండో ప్రశ్న, ఆ కాలంలో ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేది? మన ప్రాంతంలో ఈ ప్రశ్న దాటేసినవాళ్ళు తప్పు కచేరీలో తప్పు బీరువా ముందు కూర్చుంటారు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ఆ జిల్లా ముఖ్యపట్టణం చిత్తూరే. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు చెంగల్పట్టు నుంచి మనకు వచ్చింది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లాలోని గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, వెంకటగిరి ఇందులోకి చేరాయి. అంటే మీ తాతగారు పుట్టిన ఇల్లు కదలకుండా మూడు జిల్లాల్లో ఉండి ఉండవచ్చు. 1890ల నాటి తిరుపతి కాగితం ఉత్తర ఆర్కాటు కట్టలో, చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటుంది. మదనపల్లె కాగితానికి కడప దారి పట్టాలి.

మూడోది, ఆ ఊరు ఏ మిషను కిందిది? మిషన్లు కూడా జిల్లాల్లాగే ప్రాంతాలు పంచుకున్నాయి. మీ ఊరు ఎవరి వంతుకు వచ్చిందన్నదాన్ని బట్టి మీ కాగితం జర్మనీలోనో, అమెరికాలోనో, బెంగళూరులోనో, పక్క వీధిలోనో ఉంటుంది.

తిరుపతి, కాళహస్తి, వెంకటగిరి, నాయుడుపేట, సూళ్ళూరుపేట, గూడూరు వైపు వచ్చినవాళ్ళు హెర్మన్స్‌బుర్గ్ మిషన్ జర్మన్లు. ఉత్తర జర్మనీలోని ఒక పల్లె పాస్టరు లూయీ హార్మ్స్ 1849లో స్థాపించిన మిషను అది. అతని మిషను పంపిన ఆగస్ట్ మీలియస్ 1860ల్లో మన తెలుగు నేలమీద పని మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వం జర్మన్ మిషనరీలను నిర్బంధించి పంపేసింది. ఆ క్షేత్రం అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చింది. 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘంగా స్వతంత్రమైంది, ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. 1860ల నుంచి ఆ జర్మన్లు పనిచేసిన క్షేత్రం, 2022లో ప్రభుత్వం గీసిన తిరుపతి జిల్లా పక్కపక్కన పెడితే చాలావరకు కలిసిపోతాయి. మా ముత్తాత నాయుడుపేటనుంచి తిరుపతికి బదిలీ కావడం అప్పట్లో జిల్లా దాటడం, మిషను లెక్కలో మాత్రం పక్కూరికి పోవడం.

చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్. వైద్యుడు జాన్ స్కడ్డర్ కొడుకులు ముగ్గురు 1853లో మొదలుపెట్టారు, ఆ కుటుంబంలోని ఐడా స్కడ్డరే తర్వాత వేలూరు ఆసుపత్రి కట్టింది. జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో స్థిరపడ్డాడు, తెలుగు బైబిలు సవరణలోనూ పనిచేశాడు. 1915లో ఆ ఊరి దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం తెరిచారు, డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. మీ ఇంట్లో ఎవరైనా "మా నాయనమ్మ ఆరోగ్యవరంలో ఉండింది" అని గొంతు తగ్గించి చెబితే ఆగి వినండి. క్షయ గురించి మాట్లాడటానికి సిగ్గుపడిన తరం అది. ఒక మనిషి కొన్నేళ్ళపాటు ఎందుకు మాయమైందో దానివల్ల తేలుతుంది. ఆర్కాట్ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న పుట్టిన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిశాయి. చిత్తూరు వేలూరు డయోసిస్‌లోనూ మదనపల్లె రాయలసీమ డయోసిస్‌లోనూ ఉండటంతో ఒకే మిషను పుస్తకాలు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. ఆ మిషను అచ్చువేసిన సాంవత్సరిక నివేదికలు అమెరికాలో రిఫార్మ్‌డ్ చర్చి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్ కూడా మిషన్ల కాగితాలు భద్రపరుస్తుంది. ఉత్తరం రాసేటప్పుడు ఊరు, దగ్గరి మిషన్ స్టేషను, సుమారు సంవత్సరాలు, ఈ మూడూ రాయండి. పేరు ఒక్కటే రాస్తే ఏ ఆర్కైవిస్టూ సాయం చేయలేడు.

కతోలిక కుటుంబాలైతే దారి ఇంకా వెనక్కి పోతుంది. ఫ్రెంచి జెస్విట్ల కర్నాటక మిషన్ 18వ శతాబ్దం తొలి ఏళ్ళలోనే పుంగనూరు ప్రాంతానికి వచ్చింది. వాళ్ళు రాసిన ఉత్తరాలు పారిస్‌లో పుస్తకాలుగా అచ్చయ్యాయి. యుద్ధాలు, కరువుల వల్ల రాయలసీమ కతోలికులు చాలామంది గుంటూరు వైపు వలసపోయారు. ఫిరంగిపురం వైపు "మా పెద్దలు సీమనుంచి వచ్చారు" అనే కుటుంబాలు అందుకే ఉన్నాయి. కతోలిక పుస్తకాల్లో పేర్లు లాటిన్ రూపంలో ఉంటాయి. చౌరప్ప అక్కడ జేవియర్ లాటిన్ రూపంలో, రాయప్ప పేతురు లాటిన్ రూపంలో కనబడతారు. చిత్తూరు జిల్లా 1928 నుంచి నెల్లూరు మేత్రాసనంలోనూ, 1976 నుంచి కడప మేత్రాసనంలోనూ ఉందని గుర్తుంచుకుంటే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఇక పుస్తకం మీ ముందుకు వచ్చింది అనుకుందాం. దాన్ని చదవడం ఒక పని. లూథరన్లు, సీఎస్ఐవాళ్ళు, కతోలికులు పసిపిల్లలకూ బాప్తిస్మమిస్తారు, బాప్టిస్టులు వయసొచ్చి ఒప్పుకున్నవాళ్ళకే ఇస్తారు. కాబట్టి బాప్తిస్మం తేదీని పుట్టినరోజనుకోకండి. "సుమారు 30" అంటే ఇరవై ఆరూ కావచ్చు, ముప్పై ఐదూ కావచ్చు. అప్పట్లో వయసు చెప్పడం కరువు లెక్కలో, తుఫాను లెక్కలో. మన వైపు 1876-78 ధాత కరువు పెద్ద గుర్తు, దానికి ముందు పుట్టానా తర్వాతా అన్నదే చాలామందికి తెలిసిన వయసు. జర్మన్ చేతిరాత అయితే అక్షరాల మెలిక ఇంకొకటి. వాళ్ళకి "చ" పలకాలంటే టి, ఎస్, సి, హెచ్ నాలుగూ కావాలి. చంద్రగిరి కోసం సి కింద వెతికితే దొరకదు, టి కింద ఉంటుంది. వాళ్ళ "వ" డబ్ల్యూతో, "య" జెతో మొదలవుతాయి. మా ఊరి పేరు మొదటి అక్షరం వల్లే నేను ఆ పుస్తకాన్ని ఒకసారి పూర్తిగా చూసి, లేదని మూసేశాను. రెండోసారి, పాత జర్మన్ రాత చదవగలిగిన ఒక పెద్దాయన పక్కన కూర్చుంటే గాని ఐదో వరుస కనబడలేదు.

ఒక్క వరుస దొరగ్గానే లేచి రాకండి. పైన నాలుగు, కింద నాలుగు వరుసలు కూడా రాసుకోండి. ఆ రోజుల్లో ఒంటరిగా బాప్తిస్మం పొందినవాళ్ళు తక్కువ. అదే తేదీన, అదే ఊరినుంచి వచ్చినవాళ్ళు బావమరుదులో, వియ్యంకులో అయి ఉంటారు. మా ముత్తాత కింద వరుసలో అదే ఊరివాడు ఇంకొకడున్నాడు. అతను మా ముత్తాత దగ్గరి చుట్టమని తర్వాత తేలింది. పెళ్ళి పుస్తకం కూడా అడగండి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళిళ్ళ వివరాలు ప్రభుత్వ రిజిస్ట్రారుకి పంపాలి, అందువల్ల చర్చి పుస్తకం చెదలు తిన్నా రెండో ప్రతి మిగిలే అవకాశం ఉంది. ఆ పుస్తకంలో తండ్రుల పేర్లుంటాయి, సంతకం రానివాళ్ళ నిశాని కూడా. మా ముత్తవ్వ బొటనవేలి ముద్ర చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఆమెదని చెప్పుకోవడానికి మా దగ్గరున్న ఏకైక గుర్తు అది. ఆమె ఫోటో లేదు.

ఆడవాళ్ళ విషయంలో ఈ పుస్తకాలు బాధపెడతాయి. "అతని భార్య", "ఇద్దరు కూతుళ్ళు" అని ముగించేస్తారు. మిషన్ నివేదికల్లోనూ అంతే, దొరగారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన వందల మైళ్ళు నడిచిన తెలుగు ఉపదేశి "స్థానిక సహాయకుడు" అవుతాడు. జీతాల జాబితాలు, బడి హాజరు పట్టీలు, బోర్డింగు పిల్లల జాబితాలు, బైబిలు స్త్రీల నివేదికలు వీలైనంత వెతకండి. వాళ్ళ పేర్లు దొరికే అవకాశం ఉన్నది అక్కడే.

సమాధుల తోటకి పొద్దున ఏడు గంటలకు వెళ్ళండి. ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు లేచి కనబడతాయి, మధ్యాహ్నం వెళితే రాయి ఖాళీగా ఉంటుంది. అద్దంముక్కతో ఎండని పక్కనుంచి పడేలా చేసినా చాలు. సున్నం, యాసిడ్, తీగబ్రష్ తగలనివ్వకండి. నీళ్ళు చిలకరించి, మెత్తటి కుంచెతో నాచు తుడిచి, ఫోటో తీసుకోండి. అక్కడ రాళ్ళులేని మట్టి దిబ్బలే ఎక్కువని మనసు సిద్ధపరచుకోండి. రాయి వేయించే స్తోమత అందరికీ లేదు. కాపలాదారు కుటుంబాన్ని అడగండి, "ఈ వేపచెట్టు కింద ఎవరున్నారు" అన్న జ్ఞానం వాళ్ళ దగ్గర తరతరాలుగా ఉంటుంది.

చర్చి పుస్తకం ఆగినచోట రెవెన్యూ పుస్తకం అందుకుంటుంది. అందరికీ దక్కే దారి కాదిది, ఎందుకంటే మొదటి తరం క్రైస్తవుల్లో చాలామందికి సెంటు భూమి లేదు. కానీ వెట్టి, తలారి పనులకు మాన్యం ఉన్న ఇళ్ళుంటాయి, తర్వాత డీకేటీ పట్టా పొందిన ఇళ్ళుంటాయి. తహసీల్దారు కార్యాలయంలో భూమి లెక్కల పుస్తకాలు, అంటే ఆర్ఎస్ఆర్, డైగ్లాట్, పాత అడంగల్ అడగండి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక గ్రామ లెక్కలు క్రమంగా మండలాలకు చేరాయి. మీ ఊరు కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీల్లోదైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు సంగతులు ఎస్టేటు కాగితాల్లో వెతకాలి. నన్ను ఒక కార్యాలయంలో నాలుగుసార్లు తిప్పి, ఐదోసారి "ఆ రికార్డు లేదు" అన్నారు. ఆరోసారి సర్వే నెంబరుతో రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకుంటే పది రోజుల్లో దొరికింది. నోటిమాటగా అడిగిన రోజులు మళ్ళీ రావు, కాగితం పెట్టడం మొదటినుంచే అలవాటు చేసుకోండి. జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లున్న కాగితాలు మన దేశంలో వెతుక్కోవడానికి దొరకవు, కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు. బడి అడ్మిషన్ రిజిస్టరు మాత్రం వదలకండి.

ఆ రిజిస్టరు దగ్గరే ఒక సున్నితమైన విషయం ఎదురవుతుంది. ఇంట్లో, చర్చిలో ఒక పేరు, బడిలో ఇంకో పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకు పరిమితం చేసింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ కుటుంబాలనుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. అదే పేట, అదే బావి, అదే అవమానం, సర్టిఫికెట్ మాత్రం వేరు. పిల్లల చదువు కోసం తల్లిదండ్రులు తీసుకున్న నిర్ణయాలు ఆ రెండు పేర్ల వెనక ఉన్నాయి. మీ వంశవృక్షంలో అవి దొరికితే తీర్పు చెప్పకండి. బతికున్నవాళ్ళ మతం, కులం, పాత పేర్లు వాళ్ళ అనుమతి లేకుండా ఇంటి గడప దాటించకండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి. మా ఊరి పేరు ఈ అధ్యాయంలో నేను రాయకపోవడానికి కారణం అదే, అక్కడ మా చుట్టాలు ఇంకా ఉన్నారు.

సముద్రం దాటిన కొమ్మల గురించి ఒక మాట. మద్రాసునుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేలమందికి పైగా ఒప్పంద కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకుతోటలకు వెళ్ళారు, వాళ్ళలో ఉత్తర ఆర్కాటువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ఓడ పట్టీల్లో ఒక్కొక్కరికి నెంబరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు రాశారు. కులం గడిలో క్రైస్తవులని రాసిన పేర్లూ ఉన్నాయి. మన ఊళ్ళ చర్చి పుస్తకాల్లో అకస్మాత్తుగా ఆగిపోయిన కొందరు యువకులు ఆ పట్టీల్లో దొరకవచ్చు. డర్బన్‌నుంచి ఎవరైనా "మా ముత్తాత చంద్రగిరి తాలూకా" అంటూ మీ చర్చి గుమ్మంలో నిలబడితే కాసేపు కూర్చోబెట్టి, పుస్తకం తీసి చూపించండి. కోలారు బంగారు గనులకు వెళ్ళిన కుటుంబాల మాటా ఇంతే, కాకపోతే అక్కడికి రైలెక్కి వెళ్ళి అడగవచ్చు.

చివరిది, నన్ను ఎక్కువగా కదిలించింది. బాప్తిస్మపు పుస్తకం 1891లో మొదలవుతుంది, మా కుటుంబం 1891లో మొదలు కాలేదు. అంతకు ముందు వెళ్ళాలంటే ఎటు? ఈ ప్రశ్నకి జవాబు తిరుమల కొండమీద ఉందని నేను ఊహించలేదు. స్వామి గుడి గోడలమీది శాసనాలను దేవస్థానం 1930ల్లో ఆరు సంపుటాలుగా అచ్చువేయించింది. రాజులు, అధికారులు నైవేద్యాలకోసం ఏయే ఊళ్ళు ఇచ్చారు, ఆ ఊళ్ళ చెరువులకీ కాలవలకీ ఎంత ధనం కేటాయించారు అన్న లెక్కలతో ఆ శాసనాలు నిండి ఉన్నాయి. చంద్రగిరి, తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళు వరసగా కనబడతాయి. 1801 నుంచి 1843 దాకా గుడి కంపెనీవాళ్ళ అజమాయిషీలో, ఆ తర్వాత 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్నప్పుడు కూడా ఊళ్ళ లెక్కలు నడిచాయి. చర్చి సభ్యుడినైన నేను యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని ఆ సంపుటాలు తిరగేశాను. మా పెద్దమ్మ చెప్పిన ఊరు, చెరువుతో సహా, నాలుగు వందల ఏళ్ళ కిందటి శాసనంలో ఉంది. ఆ చెరువు పూడిక తీసింది ఎవరి చేతులో శాసనంలో లేదు. మా పేటవాళ్ళ చేతులే అని నాకు అనుమానం లేదు, ఎందుకంటే మా పెద్దమ్మ చిన్నతనంలో కూడా ఆ పని చేసింది మా పేటవాళ్ళే.

కాబట్టి క్రైస్తవ కుటుంబపు వేళ్ళు వెతికేవాళ్ళు చర్చి ప్రహరీ దగ్గర ఆగవద్దు. హిందూ బంధువులతో మాటలు కలపండి, బాప్తిస్మం పుచ్చుకోని అన్నదమ్ముల పిల్లలు ఇప్పటికీ అదే ఊళ్ళో ఉంటారు. మా ముత్తాత పెద్దన్న మనవడిని నేను ఆ చెరువు కట్టమీదే కలిశాను. ఏటా కొండకి నడిచి వెళ్ళే మనిషి. తలనీలాలిచ్చి వారం కాలేదు. "మీరు ఉపదేశి కొడుకు వైపు పిల్లోళ్ళా?" అని అడిగి, ఇంటికి తీసుకెళ్ళి, రాగిసంగటి పెట్టించాడు. ఆ ఇంటి గూట్లో లడ్డూ ప్రసాదం పొట్లం, పక్కనే మా తాత 1950ల్లో రాసిన క్రిస్మస్ కార్డు ఉన్నాయి. మా ముత్తాత పాత పేరు చెబితే ఆయన ఆశ్చర్యపడలేదు. వాళ్ళకది ఎప్పుడూ తెలుసు.

"మరి మా ముత్తవ్వ పాత పేరేంటి పెదనాయనా?" అని అడిగాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఇంట్లోకి చూసి వాళ్ళావిడని పిలిచాడు. ఆమెకీ తెలియదు. "ఆయమ్మది ఏటికి అవతల ఊరు. అక్కడ ఒక ముసిలామె ఉండాది. పంట కోతలైనాక రా, తీసకపోతా" అన్నాడు.

ఇంటికొచ్చి మా కుటుంబ బైబిల్లో, పుట్టుకలూ చావులూ రాసుకునే ఖాళీ పేజీ తీశాను. పెన్నుతో మా ముత్తాత రెండు పేర్లూ రాశాను, పాతది ముందు, కొత్తది తర్వాత. పక్కన ఊరు, 1891, పుస్తకం పేజీ, వరుస సంఖ్య. కింద మా ముత్తవ్వ బాప్తిస్మపు పేరు రాసి, దాని ముందు పెన్సిల్‌తో ఒక గీత గీసి వదిలాను. సంక్రాంతికి కోతలవుతాయి.